పదిహేడు సీజన్లు, ఒక భుజం: రగ్బీ లీగ్ ఆటగాడు జొనాథన్ థర్స్టన్ కేస్ స్టడీ

కేసు పరిచయం

ఈ కేస్ స్టడీలో పరిశీలిస్తున్న ఆటగాడు ఆస్ట్రేలియాకు చెందిన జొనాథన్ థర్స్టన్. 1983 ఏప్రిల్ 25న బ్రిస్బేన్‌లో పుట్టిన ఇతడు 2002 నుంచి 2018 వరకు నేషనల్ రగ్బీ లీగ్‌లో, అంటే ఎన్‌ఆర్‌ఎల్‌లో, 323 మ్యాచ్‌లు ఆడాడు. క్వీన్స్‌లాండ్ రాష్ట్ర జట్టు తరఫున 37 స్టేట్ ఆఫ్ ఆరిజిన్ మ్యాచ్‌లు (క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాల మధ్య ఏటా జరిగే మూడు మ్యాచ్‌ల సిరీస్), దేశం తరఫున 38 టెస్టులు, అంటే అంతర్జాతీయ మ్యాచ్‌లు, ఆడాడు. లీగ్‌లో ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే డాలీ ఎమ్ పతకాన్ని 2005, 2007, 2014, 2015 సంవత్సరాల్లో నాలుగుసార్లు గెలుచుకున్నాడు. అన్నిసార్లు దాన్ని అందుకున్న మొదటి ఆటగాడు ఇతడే.

నేను ఇతనికి వైద్యం చేసినవాణ్ణి కాను. బ్రిస్బేన్‌లో జూనియర్ రగ్బీ లీగ్ ఆటగాళ్లకు ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తూ, ఇక్కడి మైదానాల్లో రోజూ వినిపించే ఈ పేరును ఒక కేసుగా చదవాలనుకున్నాను. ఇందులో రాసినదంతా బహిరంగంగా నమోదైన విషయాలకు, మ్యాచ్ వీడియోలకు పరిమితం. వాటి మీద చేసిన విశ్లేషణ మాత్రం నాది. ఆంధ్ర, తెలంగాణల్లో ఫిజియోథెరపీ చదువుతున్నవారికీ, కబడ్డీ జట్లతో పనిచేస్తున్న శిక్షకులకూ ఉపయోగపడాలన్న ఉద్దేశంతో తెలుగులో రాస్తున్నాను.

నేను అడుగుతున్న ప్రశ్న ఇది. శరీరం చిన్నదని క్లబ్బులు వద్దన్న కుర్రాడు, వంద కిలోలకు పైబడిన మనుషులు పరుగెత్తుకొచ్చి గుద్దే ఆటలో పదిహేడు సీజన్లు ఎలా నిలిచాడు? చాలామంది దీనికి ధైర్యమనే జవాబు చెబుతారు. ధైర్యం ఉన్నమాట నిజమే గానీ, అది మాత్రమే అయితే ఈ ఆటలో మూడు నాలుగేళ్లకు మించి ఎవరూ నిలవరు. ఎవరి దగ్గర ఆడాలి, ఎంత బరువు మోయాలి, ఎప్పుడు ఆపాలి అన్న మూడు నిర్ణయాలు సరిగ్గా కుదరడం వల్లనే ఈ జీవితం ఇంత పొడవు సాగిందని నా అభిప్రాయం. ఆ మూడు నిర్ణయాల్లోనూ వైద్య బృందానికి పాత్ర ఉంటుంది కాబట్టే ఇది మన వృత్తికి సంబంధించిన కేసు అయింది.

ఆట గురించి అవసరమైనంత వరకు

రగ్బీ లీగ్‌లో జట్టుకు 13 మంది, ఆట సమయం 80 నిమిషాలు. బంతి చేతిలో ఉన్న జట్టుకు ఆరు ట్యాకిల్స్ వరకు, అంటే ఎదుటివారు ఆరుసార్లు పట్టి ఆపేవరకు, అవకాశం ఉంటుంది. ఆరోసారి పట్టుబడితే బంతిని ఎదుటివారికి అప్పగించాలి, అందుకే ఐదో ట్యాకిల్ తర్వాత సాధారణంగా బంతిని తన్నుతారు. బంతిని ఎదుటివారి గోల్ గీత దాటించి నేలకు ఆనించడమే ట్రై; దానికి నాలుగు పాయింట్లు. ఆ తర్వాత, ట్రై చేసిన చోటుకు సూటిగా వెనక నుంచి బంతిని కంబాల మధ్యకు తన్నే కన్వర్షన్‌కు రెండు. ఆట నడుస్తుండగా బంతిని నేలకు వదిలి, అది పైకి లేచేటప్పుడు కంబాల మధ్యగా తన్నే ఫీల్డ్ గోల్‌కు సాధారణంగా ఒకటి. మన దేశంలో కొందరు ఆడే పదిహేను మంది రగ్బీ యూనియన్ వేరు, ఇది వేరు.

ఈ రెండు ఆటలూ విడిపోవడానికి కారణం డబ్బు. ఉత్తర ఇంగ్లండ్‌లోని గని కార్మికులు, మిల్లు కార్మికులు శనివారం పని మానుకొని ఆడితే ఆ పూట కూలి పోయేది. ఆ నష్టాన్ని క్లబ్బులు పూడ్చడానికి పాలకమండలి ఒప్పుకోకపోవడంతో 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్‌లో ఆ క్లబ్బులు సమావేశమై వేరు కుంపటి పెట్టుకున్నాయి. పోయిన కూలికి బదులుగా చెల్లించే మొత్తానికి రోజుకు ఆరు షిల్లింగుల పరిమితి పెట్టుకున్నారు. సిడ్నీలో ఈ ఆట పోటీలు 1908లో మొదలయ్యాయి. పనిచేసే మనిషి శరీరానికి వెల కట్టాలన్న డిమాండ్‌తో పుట్టిన ఆట కాబట్టి, ఇందులో ఆటగాడి జీవితాన్ని అతని ఒప్పందాల నుంచి విడదీసి చదవడం కుదరదు.

ఎవరి దగ్గర ఆడాలి

థర్స్టన్ తల్లి వైపు మూలాలు క్వీన్స్‌లాండ్ ఆదివాసీ సమూహమైన గుంగారి ప్రజలవి. బ్రిస్బేన్ దక్షిణ శివార్లలో, తర్వాత టూవూంబా పట్టణంలో ఆడుతూ పెరిగాడు. ఎత్తు ఇప్పటి లెక్కల ప్రకారం సుమారు 179 సెంటీమీటర్లు; పద్దెనిమిదేళ్ల వయసులో అందుకు తగ్గ కండ కూడా లేదు. ఒకదాని తర్వాత ఒకటి క్లబ్బులు కాదన్నాక సిడ్నీలోని కాంటర్‌బరీ బుల్‌డాగ్స్ అతనికి అవకాశమిచ్చింది. 2002లో అక్కడే ఎన్‌ఆర్‌ఎల్‌లో అడుగుపెట్టాడు.

అదే ఏడాది ఆ క్లబ్బు జీతాల పరిమితిని ఉల్లంఘించిందని తేలింది. పట్టికలో అగ్రస్థానంలో ఉన్న జట్టుకు 37 పాయింట్లు కోతపడి, సీజన్ ముగిసేసరికి అట్టడుగున నిలిచింది. లీగ్ నడిచే తీరు అర్థం కావాలంటే ఈ సంఘటన గుర్తుంచుకోవాలి. ప్రతి క్లబ్బు తన ఆటగాళ్లందరికీ కలిపి ఖర్చు చేయగల మొత్తానికి ఒక హద్దు ఉంది. హద్దు ఉన్నప్పుడు పెద్ద పేరున్న ఒక ఆటగాడి జీతం పెరిగితే బెంచీ మీద కూర్చున్న కుర్రాడి భవిష్యత్తు కుదించుకుపోతుంది, లేదా ఆ కుర్రాడే వేరే చోటు వెతుక్కోవాలి.

థర్స్టన్ పరిస్థితి సరిగ్గా అదే. బుల్‌డాగ్స్‌లో హాఫ్‌బ్యాక్ స్థానం, అంటే బంతిని పంచుతూ, తన్నుతూ ఆటను నడిపించే స్థానం, బ్రెంట్ షెర్విన్‌ది. 2004లో టైటిల్ తేల్చే గ్రాండ్ ఫైనల్‌కు ముందు కెప్టెన్ స్టీవ్ ప్రైస్ గాయపడటంతో థర్స్టన్‌కు జట్టులో చోటు దక్కింది. సిడ్నీ రూస్టర్స్‌పై 16-13తో బుల్‌డాగ్స్ గెలిచాక, తనకు వచ్చిన చాంపియన్‌షిప్ ఉంగరాన్ని ప్రైస్‌కు ఇచ్చేశాడు. ఈ సంఘటనను అతని మంచితనానికి ఉదాహరణగా చెబుతారు. ఆ మంచితనాన్ని నేనూ గౌరవిస్తాను. వృత్తిపరంగా చూసినప్పుడు మాత్రం నాకు మరో విషయం కనిపిస్తుంది: ఇరవై ఒక్క ఏళ్ల వయసులో చాంపియన్ జట్టులో ఉండి కూడా, తనకు హాఫ్‌బ్యాక్ వేసుకునే ఏడో నంబరు చొక్కా దొరకని చోటును వదిలి, అప్పటివరకు ఒక్క టైటిల్ కూడా లేని నార్త్ క్వీన్స్‌లాండ్ కౌబాయ్స్‌కు వెళ్లాడు.

కౌబాయ్స్ ఉండేది టౌన్స్‌విల్‌లో, బ్రిస్బేన్‌కు 1300 కిలోమీటర్లకు పైగా ఉత్తరాన. ఆ క్లబ్బు 1995లో మొదలైంది. ఉక్కపోసే వాతావరణం, బయటి మ్యాచ్ ప్రతిదానికీ విమాన ప్రయాణం. శరీరం కోలుకోవడానికి ఇవేవీ అనుకూలమైనవి కావు. అయినా అతనికి అక్కడ దొరికినది ఏ క్లబ్బూ ఊరికే ఇవ్వదు: జట్టంతా తన చుట్టూ అమరే అవకాశం. మొదటి సీజన్‌లోనే డాలీ ఎమ్ పతకం వచ్చింది, క్లబ్బు తొలిసారి గ్రాండ్ ఫైనల్‌కు వెళ్లి వెస్ట్స్ టైగర్స్ చేతిలో 30-16తో ఓడింది. క్వీన్స్‌లాండ్‌కు కూడా అదే ఏడాది మొదటిసారి ఆడాడు; తొలి ఆరిజిన్ మ్యాచ్‌లోనే స్కోరు సమం చేసే ఫీల్డ్ గోల్ కొట్టి ఆటను అదనపు సమయానికి తీసుకెళ్లాడు. ఆ తర్వాత 2018 వరకు క్లబ్బు మారలేదు: బుల్‌డాగ్స్‌కు ఆడినవి 29 మ్యాచ్‌లైతే కౌబాయ్స్‌కు 294.

క్లబ్బు మారకపోవడానికి వైద్యపరంగా ఉన్న విలువను మనవాళ్లు తక్కువ అంచనా వేస్తారు. ఒకే క్లబ్బులో పదేళ్లకు పైగా ఉన్న ఆటగాడి గాయాల చరిత్ర ఒకే చోట ఉంటుంది. అతను నొప్పి గురించి అబద్ధం చెప్పే తీరు కూడా అక్కడి ఫిజియోకు తెలిసిపోతుంది. రెండేళ్లకోసారి జట్టు మారే ఆటగాడి విషయంలో ప్రతిసారీ మొదటి నుంచి మొదలుపెట్టాలి; కొత్త ఒప్పందం దక్కాలని పాత నొప్పిని దాచే అవసరం కూడా అతనికి ఉంటుంది.

ఎంత బరువు మోయాలి

హాఫ్‌బ్యాక్ శరీరం మీద పడే భారం ట్యాకిల్స్ లెక్కలో పూర్తిగా కనిపించదు. జట్టులో చిన్న శరీరం ఎవరిదో ఎదుటివారికి తెలుసు. అందుకే పెద్ద శరీరం గల రెండో వరుస ఫార్వర్డ్‌లను కావాలనే అతని మీదికి పరుగెత్తిస్తారు. ఆ పని వెనక రెండు లెక్కలుంటాయి: అక్కడ డిఫెన్స్ పగులుతుంది, పగలకపోయినా అలసిపోయిన హాఫ్‌బ్యాక్ తర్వాతి ఐదు నిమిషాల్లో మంచి నిర్ణయం తీసుకోలేడు. బంతి తన్నిన తర్వాత కూడా అతనికి రక్షణ తక్కువ. కాలు గాలిలో ఉండి, నడుము తిరిగి ఉన్న క్షణంలో ఎదురుగా వచ్చేవాడు గుద్దితే కండరాలు బిగించుకోవడానికి వ్యవధి ఉండదు.

థర్స్టన్ ట్యాకిల్ చేసే తీరు వీడియోల్లో నిదానంగా చూస్తే ఒక విషయం తెలుస్తుంది. పెద్దవాణ్ణి ఒంటరిగా ఎదురొడ్డి ఆపే ప్రయత్నం అతను అరుదుగా చేస్తాడు. పక్కవాడు వచ్చేదాకా నడుము కింద పట్టుకొని వేలాడతాడు. చూసేవాళ్లకు అది అందంగా ఉండదు. కానీ ఆ పద్ధతిలో భుజం మీద పడే బలం చాలా వరకు చేతులకు, ఛాతీకి పంచుకుపోతుంది. మా జూనియర్ జట్టులో చిన్న శరీరమున్న పిల్లలకు నేను మొదట చూపించేవి ఈ దృశ్యాలే, అతను గెలిపించిన గోల్స్ కాదు.

మొదటి నుంచి 2016 వరకు ఒక్క మ్యాచ్ కూడా తప్పకుండా వరుసగా 36 ఆరిజిన్‌లు ఆడాడన్నది ఈ కేసులో నన్ను అన్నింటికంటే ఎక్కువగా ఆలోచింపజేసిన అంకె. ఏటా మూడు మ్యాచ్‌లు, పన్నెండేళ్లు. ఆరిజిన్ సీజన్ మధ్యలో జరుగుతుంది. ఆటగాళ్లు క్లబ్బు మ్యాచ్‌ల నడుమ వెళ్లి లీగ్‌లోకెల్లా అతి తీవ్రమైన మ్యాచ్ ఆడి, కొద్ది రోజుల్లోనే తిరిగి క్లబ్బుకు ఆడాల్సి వస్తుంది. గాయాలు లేవని కాదు. 2011లో మూడో మ్యాచ్‌లో మోకాలు దెబ్బతిని, క్వీన్స్‌లాండ్ సిరీస్ గెలిచిన సంబరంలో చక్రాల కుర్చీలో మైదానంలోకి వచ్చాడు. మరుసటి ఏడాది సిరీస్‌కు మళ్లీ సిద్ధంగా ఉన్నాడు.

ఆ వరుస తెగకపోవడానికి అతని చుట్టూ ఉన్నవాళ్లు కూడా కారణం. డారెన్ లాక్యర్ 2011లో తప్పుకున్నాక రాష్ట్ర జట్టులో థర్స్టన్ హాఫ్‌బ్యాక్‌కు జోడీగా ఆడే ఫైవ్-ఎయిత్ స్థానానికి జరిగాడు; ఆటను నడిపించే బాధ్యతలో, తన్నే బాధ్యతలో సగభాగం హాఫ్‌బ్యాక్ కూపర్ క్రాంక్ తీసుకున్నాడు. 2013 ప్రపంచకప్ ఫైనల్‌లోనూ ఇదే జంట. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో న్యూజిలాండ్‌పై 34-2తో ఆస్ట్రేలియా గెలిచిన ఆ మ్యాచ్‌లో థర్స్టన్ ఏడు గోల్స్ కొట్టాడు. క్లబ్బులో మాత్రం అలాంటి తోడు చాలా ఏళ్లు దొరకలేదు. 2014లో పాల్ గ్రీన్ కోచ్‌గా వచ్చాక, అంతకుముందు ఫుల్‌బ్యాక్‌గా, అంటే అందరికంటే వెనక నిలిచే ఆటగాడిగా, ఆడిన మైకేల్ మోర్గాన్ అతనికి జోడీగా కుదిరాడు. ముప్పై దాటిన హాఫ్‌బ్యాక్ పక్కన, పరుగెత్తగలిగే, బంతిని చేతిలోంచి ఆఖరి క్షణంలో వదలగలిగే ఒక యువకుణ్ణి పెట్టడం ఆ వయసులో ఆటగాడికి ఇవ్వగలిగిన మంచి వైద్యం అంటాను నేను. గ్రీన్ వచ్చిన మొదటి రెండు సీజన్లలో, అంటే 31, 32 ఏళ్ల వయసులో, అతను మళ్లీ రెండు డాలీ ఎమ్ పతకాలు గెలిచాడు.

2015 అక్టోబర్ 4న సిడ్నీలో జరిగిన గ్రాండ్ ఫైనల్‌లో ఆ జోడీ విలువ బయటపడింది. ఎదుట బ్రిస్బేన్ బ్రాంకోస్, వాళ్లు 16-12తో ముందున్నారు. చివరి క్షణాల్లో మోర్గాన్ ఇద్దరు ముగ్గుర్ని లాక్కుంటూ వెళ్లి, పట్టుబడుతూనే బంతిని కుడి మూలకు పంపితే, ఆట ముగిసే సమయానికి కైల్ ఫెల్ట్ ట్రై సాధించాడు. స్కోరు సమమైంది. ఇక కన్వర్షన్ పక్కగీత దగ్గర నుంచి తన్నాలి.

కుడికాలితో తన్నేవాడికి కుడి పక్కగీత కష్టమైన వైపు. కాలు తిరిగే తీరు వల్ల బంతి సహజంగా కుడి నుంచి ఎడమకు వంపు తిరుగుతుంది. అటువైపు నుంచి తన్నితే కంబాల మధ్య దూరం కంటికి ఇంకా ఇరుకుగా కనిపిస్తుంది, వంపును ముందే లెక్కవేసి బంతిని కంబాలకు బయటగా పంపాలి. థర్స్టన్ అలాగే పంపాడు. బంతి వంపు తిరిగి వచ్చి కంబానికి తగిలి బయటపడింది. ముందు స్కోరు చేసిన జట్టే గెలిచే అదనపు సమయం మొదలవుతూనే ఫెల్ట్ తన్నిన బంతిని బ్రాంకోస్ హాఫ్‌బ్యాక్ బెన్ హంట్ జారవిడిచాడు. మూడు నాలుగు ట్యాకిల్స్ తర్వాత థర్స్టన్ ఫీల్డ్ గోల్ కొట్టాడు. 17-16. కౌబాయ్స్‌కు తొలి టైటిల్, థర్స్టన్‌కు ఆ మ్యాచ్ ఉత్తమ ఆటగాడికిచ్చే క్లైవ్ చర్చిల్ పతకం. కన్వర్షన్ తప్పిన కొద్ది నిమిషాల్లోనే అదే కాలితో మరో కిక్ తీసుకోగలగడం వెనక ఏళ్ల తరబడి ఒకే క్రమంలో చేసిన సాధన ఉంది. అలసట, భయం వచ్చినప్పుడు శరీరం ఆలోచించదు. అలవాటైన క్రమాన్ని వెతుక్కుంటుంది.

భుజం

2017 మే నెలలో న్యూజిలాండ్‌తో ఆడిన టెస్టులో అతని భుజానికి గాయమైంది. తొలి ఆరిజిన్‌కు అందుబాటులో లేకపోవడంతో 36 మ్యాచ్‌ల వరుస ఆగింది. క్వీన్స్‌లాండ్ సొంత మైదానంలోనే 28-4తో ఓడింది. జూన్ 21న సిడ్నీలో రెండో మ్యాచ్‌కు అతను తిరిగొచ్చాడు.

భుజం కీలు శరీరంలో అన్నిటికంటే ఎక్కువగా తిరగగలిగే కీలు. అందుకు శరీరం చెల్లించే మూల్యం స్థిరత్వం. దండచేయి ఎముక గుండ్రటి తల కూర్చునే గూటికి లోతు చాలా తక్కువ. చుట్టూ ఉన్న మృదులాస్థి అంచు, దాన్ని చుట్టి ఉన్న నాలుగు రొటేటర్ కఫ్ కండరాలు, కీలును సంచీలా కప్పి ఉన్న పొర కలిసి ఆ తలను గూట్లో నిలబెడతాయి. ట్యాకిల్‌లో చేయి పక్కకు చాచి, బయటికి తిరిగి ఉన్నప్పుడు ఎదుటివాడి వేగం దాని మీద పడితే ఎముక తల ముందుకు జారజూస్తుంది. ఆ కదలికను ఆపే ప్రయత్నంలో అంచు చిరుగుతుంది లేదా కఫ్ స్నాయువు తెగుతుంది. ముప్పై దాటాక ఆ స్నాయువుల్లో రక్తప్రసరణ తగ్గి ఉంటుంది కాబట్టి, ఇరవైలో సాగి ఊరుకున్న చోట ముప్పై నాలుగులో తెగే అవకాశమే ఎక్కువ. అలా సగం నయమైన భుజానికి ఆరేడు వారాల్లో మళ్లీ అదే రకం దెబ్బ తగిలితే ఏమవుతుందో ఈ పని చేసేవారికి చెప్పనక్కర్లేదు.

ఆ మ్యాచ్ మొదటి సగంలోనే భుజం మళ్లీ దెబ్బతింది. జట్టు విరామానికి 16-6తో వెనకబడి ఉంది. అతను మైదానం వదల్లేదు. 77వ నిమిషంలో మోర్గాన్ అందించిన బంతితో డేన్ గగాయ్ మూలలో ట్రై చేశాడు, స్కోరు 16-16. కన్వర్షన్ మళ్లీ పక్కగీత దగ్గర నుంచే.

గోల్ కిక్‌కు భుజంతో పనేమిటని విద్యార్థులు అడుగుతారు. కుడికాలితో తన్నేవాడు ఎడమకాలు బంతి పక్కన నాటి, తుంటిని తిప్పి, కుడికాలిని ముందుకు విసురుతాడు. ఆ విసురుకు ఎదురుతూకంగా ఎడమచేయి పక్కకు బారుగా లేచి, కాలు బంతిని తాకే వేళకు ఛాతీ మీదుగా అడ్డంగా వస్తుంది. కుడిచేయి వెనక్కి వెళ్లి మొండెం అదుపు తప్పకుండా చూస్తుంది. ఏ చేయి సరిగా కదలకపోయినా మొండెం ఎక్కువ తిరిగిపోయి బంతి ఎడమకు లాగేస్తుంది. పాడైన భుజంతో అంత వెడల్పు నుంచి గురి చూడటంలో ఎంత కష్టముందో ఇప్పుడు ఊహించవచ్చు. ఆ బంతి కంబాల మధ్యగా వెళ్లింది. 18-16తో క్వీన్స్‌లాండ్ గెలిచింది.

అది అతని చివరి ఆరిజిన్ మ్యాచ్. భుజానికి శస్త్రచికిత్స జరిగింది, ఆ ఏడాది మళ్లీ ఆడలేదు. మూడో మ్యాచ్ అతను లేకుండానే 22-6తో గెలిచి క్వీన్స్‌లాండ్ సిరీస్ దక్కించుకుంది.

క్వీన్స్‌లాండ్‌లో పెరిగే పిల్లలందరికీ ఆ కిక్ తెలుసు. పదహారేళ్ల కుర్రాడు భుజం పట్టుకొని బయటికొచ్చినప్పుడు, గీత దగ్గర నిలబడ్డ నాతో అతని తండ్రి ఆ మ్యాచ్ పేరు చెప్పి మళ్లీ లోపలికి పంపమని అడగడం కూడా నేను విన్నాను. అందుకే ఈ విషయంలో నా అభిప్రాయాన్ని స్పష్టంగా రాస్తున్నాను. థర్స్టన్ ఆ రాత్రి ఆడటం కొనసాగించడాన్ని నేను తప్పు పట్టను. అతనికి అప్పటికి 34 ఏళ్లు, ఎముకలు పూర్తిగా ఎదిగిన శరీరం, తన ఆట జీవితం చివరికొచ్చిందని తెలిసిన మనిషి. భుజం గాయం ప్రాణానికో, మెదడుకో ముప్పు తెచ్చేది కాదు. నష్టమేమిటో తెలిసి, ఆ నష్టాన్ని భరించడానికి ఒప్పుకొనే స్థితిలో ఉన్నాడు. చుట్టూ వైద్యులున్నారు, మర్నాడే స్కానింగ్, తర్వాత శస్త్రచికిత్స, నెలల తరబడి జీతంతో కూడిన రీహ్యాబ్ (కోలుకునే చికిత్స) అతనికి సిద్ధంగా ఉన్నాయి. పదహారేళ్ల కుర్రాడికి ఇందులో ఒక్కటీ లేదు. ఆ వయసులో మొదటిసారి భుజం జారితే అది మళ్లీ మళ్లీ జారే ప్రమాదం పెద్దవారికంటే చాలా ఎక్కువ. ఆ రోజు మిగిలిన ఇరవై నిమిషాల కోసం రాబోయే పదేళ్లను పణంగా పెట్టినట్లవుతుంది. ఆ కుర్రాణ్ణి నేను పంపలేదు, పంపను కూడా.

తల

థర్స్టన్ ఆట జీవితమంతా మెత్తటి తలతొడుగు పెట్టుకొని ఆడాడు. మ్యాచ్ అయ్యాక దాన్ని గుంపులోని ఏదో ఒక పిల్లవాడికి ఇచ్చేయడం అతని అలవాటు. దాని వల్ల తలతొడుగు పెట్టుకునే పిల్లలు పెరగడం మంచిదే, చెవులకు, చర్మానికి చిరుగులు తప్పుతాయి. అయితే అది మెదడు అదురును ఆపుతుందనడానికి ఆధారం లేదు. పుర్రె లోపల మెదడు కదలడాన్ని బయటి మెత్త ఆపలేదు. తలతొడుగు ఉంది కదా అని తల ముందుకు పెట్టి ట్యాకిల్ చేయడానికి పిల్లలు జంకకపోతే మేలుకంటే కీడే ఎక్కువ.

2015లో కౌబాయ్స్‌ను గెలిపించిన కోచ్ పాల్ గ్రీన్ కూడా ఒకప్పుడు హాఫ్‌బ్యాకే. 2022లో, 49 ఏళ్ల వయసులో ఆయన మరణించాక, మెదడును పరీక్షించినప్పుడు పదేపదే తలకు తగిలిన దెబ్బలతో ముడిపడిన సీటీఈ అనే వ్యాధి ఉన్నట్లు తేలింది. ఆ విషయాన్ని కుటుంబమే ముందుకొచ్చి చెప్పింది. ఆ కుటుంబం చూపిన ధైర్యానికి ఈ ఆటలో ఉన్న ప్రతి వైద్యుడూ ఋణపడి ఉన్నాడు. భుజం విషయంలో ఆటగాడి ఇష్టానికి నేను ఇచ్చే విలువ తల విషయంలో ఇవ్వను. దెబ్బతిన్న మెదడే తాను బాగున్నానని చెబుతుంది కాబట్టి ఆ మాటను ఒప్పుదలగా తీసుకోలేం.

ఎప్పుడు ఆపాలి

2018తో ఆట ముగిస్తానని థర్స్టన్ ముందే చెప్పాడు. శస్త్రచికిత్స తర్వాత తిరిగొచ్చి ఆ సీజన్ ఆడాడు. ఫలితాలు గొప్పగా లేవు: అతను లేని 2017లో మోర్గాన్ ఆట బలంతో ఎనిమిదో స్థానం నుంచి గ్రాండ్ ఫైనల్ దాకా వెళ్లి మెల్‌బోర్న్ స్టార్మ్ చేతిలో 34-6తో ఓడిన కౌబాయ్స్, అతను తిరిగొచ్చిన 2018లో 13వ స్థానంలో నిలిచింది. దీన్ని బట్టి అతను రాకపోయి ఉంటే బాగుండేదన్నవారున్నారు. నేను అలా చదవను. అతను లేనప్పుడు జట్టు నిలబడగలగడం, అంతకు ముందు మూడేళ్లుగా అతని బరువును పంచుకోవడం నేర్చుకున్న ఫలితం. తిరిగొచ్చిన భుజంతో సీజన్ చివరి వరకు ఆడి, 2018 సెప్టెంబర్ 1న గోల్డ్ కోస్ట్ టైటాన్స్‌పై 30-26 విజయంతో సొంత కాళ్ల మీద బయటికి నడవడం రీహ్యాబ్ దృష్టిలో పూర్తి విజయం.

ఆట ఆగిన తర్వాత ఏం చేయాలన్నది అతను ఆడుతుండగానే మొదలుపెట్టాడు. ఆదివాసీ పిల్లలు బడికి వెళ్లాలని ఏళ్ల తరబడి పనిచేసినందుకు 2017లో ఆస్ట్రేలియా మానవ హక్కుల కమిషన్ పతకం వచ్చింది. యువతను ఉద్యోగాల వైపు నడిపే జేటీ అకాడమీని కూడా నెలకొల్పాడు. గాయంతో మధ్యలోనే ఆగిపోయిన ఎందరో ఆటగాళ్లు మానసికంగా కుంగిపోవడం దగ్గరగా చూశాక, ఆటకు బయట మరో పని చేతిలో ఉండటం కూడా కోలుకునే ప్రక్రియలో భాగమని గట్టిగా నమ్ముతున్నాను.

మన మైదానాలకు వర్తించేది

కబడ్డీలో కూతకొచ్చిన ఆటగాణ్ణి డాష్‌తోనో, బ్లాక్‌తోనో ఆపే డిఫెండర్ భుజం మీద పడే బలం రగ్బీ లీగ్ ట్యాకిల్‌కు దగ్గరి బంధువే. చాచిన చేతితో ఒంటరిగా పట్టడం, చేయి బయటికి తిరిగి ఉండగా రైడర్ బరువు పడటం రెండింటిలోనూ ఉన్నవే. 2014లో ప్రో కబడ్డీ మొదలయ్యాక తెలుగు టైటాన్స్ వంటి జట్ల వల్ల మన కుర్రాళ్లకు కూడా ఒప్పందాలు, వేలాలు, సీజన్ మధ్యలో ఫిట్‌నెస్ పరీక్షలు తెలిసివచ్చాయి. కాని జిల్లా స్థాయిలో భుజం జారిన ఆటగాణ్ణి అప్పటికప్పుడు లాగి సరిచేసి, గుడ్డకట్టు కట్టి, తర్వాతి కూతకు పంపే అలవాటు ఇంకా పోలేదు. కీలు గూట్లో కూర్చుంది కదా అనుకుంటారు. ఎక్స్‌రే తీయకుండా, నరం పనిచేస్తోందో లేదో, అంటే భుజం బయటి వైపు చర్మానికి స్పర్శ తెలుస్తోందో లేదో చూడకుండా అలా చేయడం ప్రమాదకరం.

మా క్లబ్బులో ఒక నియమం పెట్టుకున్నాం, దాన్ని కబడ్డీలోనూ అమలు చేయవచ్చు. భుజం గాయమైన ఆటగాడు తిరిగి మైదానంలోకి వెళ్లాలంటే రెండు చేతుల బయటికి తిప్పే బలం దాదాపు సమానంగా ఉండాలి, నేల మీద పడి లేచే కదలికలు నొప్పి లేకుండా చేయాలి, ముందు మెత్తటి సంచీ మీద, తర్వాత మనిషి మీద, చివరికి అలసిపోయిన స్థితిలో ట్యాకిల్ చేసి చూపించాలి. ఆ అలసిన స్థితిలో చేసే పరీక్షను చాలామంది వదిలేస్తారు. గాయాలు ఎక్కువగా తిరగబెట్టేది అలసిపోయినప్పుడే కాబట్టి దాన్ని మొదటి రోజు పెట్టకపోయినా ఆఖరి రోజు తప్పకుండా పెట్టాలి. పద్దెనిమిదేళ్ల లోపు ఆటగాడైతే ఇంకో షరతు ఉంది: తిరిగి ఆడించే నిర్ణయం మ్యాచ్ జరుగుతుండగా, గీత దగ్గర తీసుకోరు; ఎప్పుడైనా సరే, క్లినిక్‌లో, తల్లిదండ్రులు ఎదురుగా ఉండగానే తీసుకుంటారు.